బొటనవ్రేలి తప్పు

ఉద్యోగవిరమణము జరిగిన పిమ్మట మనదేశమున మనుష్యుడు సాధారణముగా రెండు వ్యసనములలో నేదో యొకదానికి లోనగుచుండును: వేదాంతగ్రంథములైనను చదువును, లేదా దాయాదులపై పొలముగట్టు వ్యాజ్యమైనను వేయును. వ్యాజ్యమునకు తగిన పొలము లేకపోవుటచే మొదటిదానినే నే నవలంబించితిని గాని, సూళ్లూరుపేటలో కాపురముండి, పులికాటు సరస్సున కావల శ్రీహరికోటనుండి ఆకాశమును చీల్చుకొనిపోవు అగ్నిస్తంభములను మేడమీదనుండి యేటేట చూచుచు, కేవలము పుస్తకములతో తృప్తిపడియుండుట నావంటి చపలచిత్తునకు సాధ్యము కాలేదు; కావున అరువదియవ యేట మొబైలు ఫోనులో నడచు యాప్ నొకదానిని స్వయముగా చేయబూనితిని. దానికి కారణము మిక్కిలి చిన్నది. రాకెట్టు ప్రయోగింపబడు దినమున దాని భాగములు రాలిపడు సముద్రప్రాంతమునకు పడవలు పోరాదని మత్స్యకారులకు హెచ్చరిక వచ్చును. ప్రయోగము వాయిదాపడినచో హెచ్చరికయు మారును. ఆ మార్పు తీరమందలి పాళెములకు నోటిమాటగా చేరుటలో నాలస్యమై, పోదగిన దినమున పోక వేట పోగొట్టుకొన్నవారిని నే నెరుగుదును. పోవచ్చునో పోరాదో తెలుపు చిన్న తెర యొకటి వారి చేతిలో నున్నచో బాగుండునని నాకు తోచినది.

ప్రోగ్రాము వ్రాయుట నేననుకొన్నంత దుర్ఘటము కాలేదు. అందు చుక్క తప్పినను, కుండలీకరణము మూయ మరచినను యంత్రము మొగమోట మెరుగని పరీక్షాధికారివలె తక్షణమే తిరస్కరించి, తప్పు ఫలానా పంక్తిలో నున్నదని చూపును. తెరను తీర్చుట యట్లు కాదు. ఏ బటను నెచ్చట నుంచవలెను, ఏ మాట నెంత యక్షరముతో వ్రాయవలెను, ఏది ముందు చూపి యేది దాచవలెను అను విషయములందు తప్పు చేసినవానిని మందలించువారెవ్వరును లేరు. తెర చక్కగానే వెలుగుచుండును, చేసినవాని కంటికి ముద్దుగానే యుండును, కాకిపిల్ల కాకికి ముద్దు గదా! ఇచ్చటనే యొక ప్రాచీనమైన చిక్కు నాకెదురైనది. తెలియనివాడు తనకు తానే గురువెట్లగును? తెలిసియున్నచో నేర్చుకొనవలసిన యగత్యము లేదు. తెలియకున్నచో నేర్పుటకు చేతిలో నేమియు లేదు, నేర్చినది సరియో కాదో నిర్ణయించుటకు ప్రమాణమును లేదు. గ్రీకుల ప్లేటో ‘మెనో’ యను సంవాదమున నీ చిక్కునే పట్టుకొని, ఆత్మ పూర్వమెరిగినదానిని స్మరించుటయే నేర్చుకొనుట యని సమాధానము చెప్పెను. పూర్వజన్మమున నాకు ఫోను లేదు గనుక ఆ సమాధానము నాకు పనికిరాలేదు.

మనవారిలో స్వయంశిక్షితుడనగానే యందరకు స్ఫురించువాడు ఏకలవ్యుడు. ద్రోణుని మట్టిబొమ్మను ముందుంచుకొని విలువిద్య నభ్యసించి, మొరుగుచున్న కుక్క నోటిని దానికి గాయము కాకుండ బాణములతో మూయించిన యా నిషాదకుమారుని గురుభక్తిని కథకులు వేనోళ్ల పొగడుదురు. నాకొక సందేహము. ఆ బొమ్మ యతనికి నేర్పినదేమి? అది తలయూపినది కాదు, కాదన్నదియు కాదు. అతనికి నేర్పినది గురి. తగిలినచో తగిలినది, తప్పినచో తప్పినది. పక్షపాతము లేని యా తీర్పును దినమునకు వేయిమారులు తలయొగ్గి స్వీకరించుటవలన నతడు ధనుర్ధరుడయ్యెను. నేనును బొమ్మలను పెట్టుకొంటిని. లోకమంతయు వాడు పెద్ద కంపెనీల యాప్‌లను తెరచి, వాని గుండ్రని మూలలను, లేతనీడలను, మెనూను దాచిపెట్టు మూడు గీతల గుర్తును భక్తితో ననుకరించితిని. నా తెర వాని తెరలవలెనే తయారైనది. గురి మాత్రము నా గదిలో లేదు.

ఆ కథలో గురుదక్షిణగా పోయినది కుడిచేతి బొటనవ్రేలు. ఫోను తెరను నేడేలుచున్నదియు నా వ్రేలే. ఒకచేత పడవ చుక్కాని పట్టినవానికి రెండవచేత ఫోను పట్టి నడపుటకు మిగులునది బొటనవ్రేలొక్కటియే గదా. చదువురానివాని సంతకమును నదియే. కఠోపనిషత్తు హృదయాంతరస్థుడగు పురుషుని పరిమాణము చెప్పవలసివచ్చినప్పు డా వ్రేలినే కొలతగా గైకొన్నది. శ్రీహరికోట దీవి రాకెట్టు కేంద్రము వచ్చుటకు మునుపు యానాదుల నెలవు. అడవిలోని మూలికను, తేనెపట్టును పుస్తకము లేకయే యెరిగిన యా జాతిని గూర్చి నెల్లూరి సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు గ్రంథమే రచించిరి. దీవి విడిచి వెళ్లవలసివచ్చినప్పుడు వారిలో నెందరు కాగితముల మీద వ్రేలిముద్రలు వేసిరో గాని, నాకు మాత్రము ఏకలవ్యుడనగానే వారే కంటికి కట్టుదురు. ఇది ప్రస్తుతమునకు కొంచెము దూరమైనను చెప్పక యుండలేకపోతిని.

రెండు నెలలు శ్రమపడి ముగించిన యాప్‌ను వాకాడు మండలపు తీరమందలి యొక పాళెమునకు కొనిపోయి, చిరపరిచితుడైన యొక పట్టపు సరంగు చేతి కిచ్చితిని. వేట ముగించివచ్చి అతడు వలలోని చేపలను దులుపుచుండెను. ఎండ నెత్తిమీది కెక్కియుండెను. తడిచేతిని లుంగీకి తుడుచుకొని, ప్రసాదము నందుకొన్నట్లు ఫోను నందుకొనెను. నాగరికతకు లక్షణమని నేనెంచి వ్రాసిన లేతబూడిదరంగు అక్షరములు ఆ యెండలో ఉప్పువలె కరగిపోయినవి. తెరపై నతని ముఖమే యతనికి కనబడుచుండెను. అరచేతిని గొడుగుగా పట్టి చూచెను. ‘ప్రయోగకాల నిషిద్ధప్రాంత వివరములు’ అని నేను సగర్వముగా పెట్టిన పేరు బటనులో పట్టక, ‘ప్రయోగకాల ని’ అను నంతటితో తెగి మూడు చుక్కలుగా నిలిచియుండెను. “అయ్యోరూ, యాడ నొక్కాల?” అని యడిగెను. నేను చూపబోయి, చూపరాదని చేయి వెనుకకు తీసికొంటిని. అద్దముమీద నీటిబొట్టు పడి తెర దానంతటదియే జారినది. బొటనవ్రేలు బటనుపై నుంచబోయి దాని ప్రక్కనున్న దానిపై నుంచెను. మూడుమారులట్లు జరిగి, నాల్గవమారు యాప్ మూతబడినది. అతడు ఫోనును నా చేతికిచ్చుచు, “బాగుండాది అయ్యోరూ. నాకే తెలవదులే, కళ్లజోడు గూడా లేదు” అనెను.

ఆ మాట నాకు పరమానందము కలిగించినదని సిగ్గుపడుచు నొప్పుకొనుచున్నాను. బస్సులో తిరిగివచ్చుచున్నంతసేపును, పాపము, చదువులేనివాడు, కళ్లజోడును లేదు, అని యతనిపై జాలిపడితిని. ఇంటికి వచ్చి దీపము వెలిగించిన తరువాతగాని, ఆ దయామయుడు నా తప్పును తన నెత్తిన వేసికొని నన్ను సాగనంపెనని నాకు తట్టలేదు. ఎండలో నొకడు కష్టపడి వ్రేలు పెట్టినచోట ఫలితము వికటించినది. ఆ కర్మ యెవరిది? వ్రేలు పెట్టినవానిదా, వ్రేలు తప్పునట్లుగా గీత గీసినవానిదా? కర్మఫలము కర్తకే చెందునని మన సిద్ధాంతము. మరి యిచ్చట కర్త యెవడు?

ఆ రాత్రి గీతలో పదునెనిమిదవ యధ్యాయమును తీసితిని. అందు ఏ పనికైనను కారణము లైదని భగవానుడు లెక్కించును: అధిష్ఠానము, కర్త, నానావిధములగు కరణములు, వేర్వేరు చేష్టలు, ఐదవది దైవము. ఇట్లుండగా తానొక్కడే కర్తయని చూచువాడు సంస్కారములేని బుద్ధిగలవా డగుటచే చూడనివాడే యగునని తరువాత ననును. అధిష్ఠానమనగా శరీరమని శంకరుల భాష్యము. నా చాపల్యమును పెద్దలు మన్నింతురుగాక, దానిని పడవయని చెప్పుకొంటిని. కర్త సరంగు. కరణములలో నతని వ్రేలితో, కన్నుతోబాటు నా తెరను చేర్చితిని. చేష్ట తడిచేతి కదలిక. దైవమనగా చక్షురాదుల కనుగ్రహము చేయు ఆదిత్యాదులని భాష్యకారులు వ్రాసినదానికి మాత్రము నేనేమియు చేర్చవలసిన పని లేకపోయెను. కంటికి అధిదేవతయైన సూర్యుడే గదా యా మధ్యాహ్నమున నా అక్షరములను మ్రింగివేసినది!

ఈ లెక్క మనుష్యుని రెండువిధముల సరిదిద్దును. తప్పంతయు వాడినవానిదే యనువాడు కర్త నొక్కనినే చూచుచున్నాడు. తప్పంతయు నాదే యని గుండెలు బాదుకొనువాడును, పరిశీలించినచో, తన్నొక్కనినే చూచుకొనుచున్నాడు. అదియు నహంకారమే, వేషము మాత్రము వేరు. సముద్రమును నేను చేయలేదు, సూర్యుని చేయలేదు, సరంగు వ్రేలి మందమును చేయలేదు. నా చేతిలో నున్నది కరణములలో నొకటి. దానిని తక్కిన నాల్గింటి కనుగుణముగా తీర్చితినా యనునంతవరకే నా విచారణ.

అయినను, విచారణ వేరు, భారము మోయుట వేరు. ఈ భేదమును శ్రీహరికోటయే మనకు నేర్పినది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగము జరుగునప్పుడు, బయలుదేరుటకు కొలది నిమిషములు ముందు కంప్యూటరు ఆగుమన్నది. ప్రాజెక్టు నాయకుడైన అబ్దుల్ కలాం తన వెంటనున్న నిపుణుల లెక్కలను నమ్మి దానిని తోసిపుచ్చి సాగుమనెనని ఆయనయే తరువాతి కాలమున పలుమారులు చెప్పియున్నారు. మొదటి అంచె చక్కగా పనిచేసినది. రెండవ అంచెను అదుపులో నుంచవలసిన ఆమ్లము కారిపోయియుండుటచే రాకెట్టు గతితప్పి, 317 సెకన్లలో పని ముగించుకొని బంగాళాఖాతమున కూలినది. విలేఖరుల ముందు నిలిచినవారు ఇస్రో అధ్యక్షులైన సతీష్ ధవన్. వైఫల్యము నాదని చెప్పినవారును వారే. మరుసటి యేడు 1980 జులై 18న అదే వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నుంచినప్పుడు మాత్రము, విలేఖరులతో నీవు మాటాడుమని కలామును ముందుకు పంపిరి. అపజయమునకు కారణమైన కవాటమును వెదకినవారు లోపల వెదకుచునే యుండిరి. ఐదు కారణములను విడదీయు పని యచ్చట జరిగినది. బయటికి మాత్రము భారమంతయు నొక్క భుజముపై నిలిచినది. నా సరంగును చేసిన దదియే గదా! కాని యిద్దరికిని భేదమున్నది. ధవన్ మోసినది తనవారి భారము. సరంగు మోసినది పరాయివాని భారము, అదియు మోయవలసిన యగత్యము లేకుండ. శ్రీహరికోట కేంద్రమునకు 2002లో ధవన్ పేరు పెట్టిరి.

ఆగుమన్న యంత్రమును గూర్చియు నొకమాట. 2023 అక్టోబరు 21న గగనయాన పరీక్షావాహనము బయలుదేరుటకు 5 సెకన్లున్నదనగా కంప్యూటరు నిలిపివేసినది. నిలిచినవారు నిలిచి, లోపమేదో చూచి సవరించి, పదిగంటలకు ప్రయోగించిరి. నలువదినాలు గేండ్లలో యంత్రముల బుద్ధి పెరిగినది నిజమే. ఆగుమన్న మాటను వినిపించుకొను వినయము మనుష్యులలో పెరుగుటయే దానికన్న పెద్ద సంగతియని నా యభిప్రాయము.

శ్రీహరికోటకు, సరంగు బొటనవ్రేలికి నేను బలవంతముగా ముడివేయుచున్నానని పాఠకు డనుకొనవచ్చును. ఆ ముడి నేను వేసినది కాదు. సముద్రపు రంగును చూచు ఓషన్‌శాట్ ఉపగ్రహములు 1999 మే 26న, 2009 సెప్టెంబరు 23న, 2022 నవంబరు 26న ఆ దీవినుండియే పీఎస్ఎల్‌వీలపై బయలుదేరినవి. నీటిలో పచ్చని సూక్ష్మజీవము లెచ్చట దట్టముగా నున్నవో రంగు తెలుపును. నీటి వెచ్చదన మెచ్చట మారుచున్నదో దానితో కలిపి చూచి, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారు చేపలు గుమికూడు తావులను లెక్కగట్టి, ఏ రేవునుండి ఏ దిక్కుగా ఎంతదూరమున ఎంతలోతున అని తెలుపుచుందురు. రేవులలోని బోర్డులమీదను, ఫోనులలోను ఆ వార్త కనబడును. వేలమంది శ్రమ ఆకాశమునకెక్కి, హైదరాబాదులో లెక్కయై, చిట్టచివర నొక తడివ్రేలి క్రిందికి వచ్చి చేరుచున్నది. అచ్చట బటను చిన్నదైనచో ఆ యాత్ర యంతయు అంగుళము దూరమున ఆగిపోవును.

గురి యెచ్చట నున్నదో తెలిసిన తరువాత నా చదువు మారినది. భాగవతము పదునొకండవ స్కంధమున యదురాజునకు కనబడిన అవధూత తనకు గురువులు ఇరువదినలుగురని చెప్పి, నేలను, గాలిని, పావురమును, సాలెపురుగును పేర్కొనును. వారిలో నొక్కరును తాము గురువులమని యెరుగరు. నాకు ఐదుగురు చాలిరి: ఆ సరంగు, చేపలమ్ము నతని యిల్లాలు, పదవతరగతి చదువు వారి కూతురు, మంచుగడ్డలు తోలు కుర్రవాడు, పులికాటులో రొయ్యలు పట్టు నొక యానాది ముసలివాడు. చేతికి ఫోనిచ్చి, నోరు మూసికొని, వ్రేలు పోవుచోటెల్ల కాగితముపై గుర్తుపెట్టుకొనుట నా యభ్యాసము. నోరు మూసికొనుటయే యందు కఠినతమము. ముప్పది యేండ్లు పాఠములు చెప్పినవానికి, పిల్లవాడు తప్పుదారి పోవుచుండగా మాటాడక చూచుట తపస్సుతో సమానము.

1954లో పాల్ ఫిట్స్ అను మనశ్శాస్త్రవేత్త, గురికి దూరమెక్కువైనకొలది, గురి వెడల్పు తక్కువైనకొలది, చేయి దానిని చేరుటకు కాల మెక్కువ పట్టునని కొలిచి చూపెను. ఏకలవ్యుడు వినియున్నచో నవ్వియుండును. ఫోను బటను ఆపిల్ లెక్కలో 44 పాయింట్లకు, గూగుల్ లెక్కలో 48 డీపీలకు, అనగా గూగులే చెప్పునట్లు సుమారు 9 మిల్లీమీటర్లకు, తక్కువ కారాదని వారి నియమములు. నావి ఆరు మిల్లీమీటర్లుండెను. ఊగు పడవలో తొమ్మిదియు చాలదు; రెండింతలు చేసితిని, దూరదూరముగా నుంచితిని, వ్రేలు సులువుగా నందు క్రిందిభాగమునకు తెచ్చితిని. బూడిదరంగును త్యజించి తెల్లనిదానిపై నల్లని యక్షరములు వ్రాసితిని. మన లిపికి తలపై గుడియు, కాళ్లక్రింద వత్తును నుండును, ఇంగ్లీషు అక్షరముల కొలతకు కుట్టిన పంక్తిలో నిరికించినచో ‘హెచ్చరిక’లోని చవత్తు కాలు విరిగి హెచ్చరికయే కుంటుపడును, కావున పంక్తుల నడుమ నెడము పెంచితిని. పోరాదనుటకు ఎరుపు, పోవచ్చుననుటకు ఆకుపచ్చ పెట్టియుంటిని. పురుషులలో కొందరకు ఆ రెండింటి భేదము కనబడదని తెలిసి రంగుతోబాటు మాటను పెట్టితిని. ఆ మాట కొరకు పడిన పాటు చెప్పనలవి కాదు. నిషేధము, అనుమతి, నిర్బంధము అని నిఘంటువంతయు త్రవ్వి యలసిపోయిన నాకు చేపలమ్ము సరంగు ఇల్లాలే దారి చూపినది: “పోవచ్చు, పోగూడదు అని రాయకూడదా సామీ?”

అవధూత గురువులలో నొక కన్య యున్నది. ఇంటికి చుట్టములు వచ్చినవేళ లోపల వడ్లు దంచుచు, గాజుల చప్పుడు వారికి వినబడునని సిగ్గుపడి, చేతికి రెండేసి యుంచి తక్కినవి తీసివేసెను. ఆ రెండును రాచుకొని మ్రోగగా ఒక్కొక్కటి మాత్రమే యుంచుకొనెను. నా తెరనుండి వాతావరణము పోయినది, రాకెట్టు బొమ్మ పోయినది, నా పేరు పోయినది. పేరు తీసివేయునప్పుడు మాత్రము కొంత బాధ కలిగినది.

సులభముగా నుండుటయే పరమధర్మమా యని యొక మిత్రుడు వాదించెను. అమెరికాకు చెందిన డొనాల్డ్ నార్మన్, త్రోయవలసినదో లాగవలసినదో తెలియని తలుపులను గూర్చి 1988లో ప్రకటించిన గ్రంథమున, తడబడినవానిని గాక తలుపునే తప్పుపట్టెను. మా సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి ఆ చిక్కే లేదు. రాత్రింబవళ్లు తలుపు మూయరు. ప్రతి ప్రయోగమునకు ముందు ఇస్రో అధ్యక్షులు వచ్చి దర్శించుకొనుట పరిపాటి. కాని అన్ని తలుపులును అట్లుండరాదు. నిప్పున్నచోట గడియ యుండవలెను. ఆగుమను కంప్యూటరు అటువంటి గడియయే. దీనికన్న భయంకరమైనది మరియొకటి కలదు. అవధూత చేపను గూడ గురువుగా చెప్పెను. నాలుక రుచిచే అది గాలమును మ్రింగునని. కొనుమను బటను అరచేయంత వెడల్పుండి, వద్దను మాట చీమతలకాయంత యుండు తెరలు నేడు కోకొల్లలు. వానిని చేసినవారు ఈ విద్య నెరుగనివారు కారు, మిక్కిలి బాగుగ నెరిగినవారు. వ్రేలు తప్పునట్లు తెలిసి గీయుట తప్పు గాదు, పాపము. నేర్చుకొనువారు ఆ బొమ్మల ముందు కూర్చుండకుందురుగాక.

ఇప్పుడు నా తెరపై మాట యొక్కటి, దానిక్రింద తేది, దానిక్రింద బటనొక్కటి. సరంగు ఇల్లాలును, కూతురును దానిని వాడుచున్నారు; మంచుగడ్డల కుర్రవాడు తనవంటివారికి మరి నలుగురికి పంపినాడు. సరంగు మాత్రము ప్రయోగదినము వచ్చినదనగా తెల్లవారుజామున మూడు గంటలకు నాకే ఫోను చేసి, “అయ్యోరూ, పోవచ్చా?” అని యడుగుచున్నాడు.